బంజరు అని రాసిన నేల

కెమెరా మెడలో వేసుకుని గుట్టల్లో తిరిగే సాయిబుల్ని చూస్తే మా పక్క జనానికి రెండే అనుమానాలు. ఒకటి, పిట్టల్ని కొట్టడానికి వచ్చినారని. రెండోది నోరు తెరిచి చెప్పరు, పేరు అడుగుతారు. పేరు చివర 'వలి' అనో 'బాషా' అనో వినబడినాక ఇంకో ప్రశ్న వస్తుంది. "ఆ డ్యాం ఫోటో ఎందుకు తీస్తాండారు?" మేం తీసింది డ్యామును కాదు, దాని గోడ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకిని. చెబితే నమ్మరు. నీటికాకిని ఎవరైనా ఫోటో తీస్తారా? వాళ్ళ మాటా నిజమే. మా ఊళ్ళల్లో ఫోటో అంటే పెళ్ళికి, చావుకు, రేషను కార్డుకు.

మేం ముగ్గురం. పాణ్యం చుట్టుపక్కల పల్లెల్లో పుట్టినవాళ్ళం, దూదేకులోళ్ళం. సర్కారు లెక్కలో బీసీ-బి. నమాజు చేస్తాం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం. ఉర్దూ మాట్లాడే ముస్లింలు మమ్మల్ని చూసి మూతి తిప్పుతారు. హిందూ స్నేహితులు "మీరు సగం మావాళ్ళే కదప్పా" అని భుజం తడతారు. ఆ సగం ఎక్కడ కోసినారో, ఏ కొలకర్రతో కొలిచినారో మాకు ఎవ్వరూ చెప్పలేదు. దూదేకుల అనగానే వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్యను గుర్తు చేస్తారు. బనగానపల్లె మాకు పక్కనే, బ్రహ్మంగారు ఆవులు కాసిన రవ్వలకొండ కూడా అక్కడే. సిద్దయ్య మీద మాకు గౌరవమే. కానీ మూడు వందల ఏండ్ల కింద ఒక దూదేకుల పిల్లవాడు మంచివాడుగా ఉన్నందుకు మమ్మల్ని ఈ రోజు మెచ్చుకోవడం ఏం మెప్పు?

మాలో ఒకనికి ఫోటో స్టూడియో ఉండేది. మిగతా ఇద్దరం అక్కడ పొద్దుపోకకు కూర్చునేవాళ్ళం. మా పిట్టల పిచ్చి పెళ్ళిళ్ళ పుణ్యాన మొదలైంది. రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. బీదోళ్ళ నికాకు ముప్పై, ముప్పై రెండు చాలు. పెళ్ళికొడుకు, వకీలు, గవాలు, ఖాజీ, దావతు, బిడ్డను సాగనంపేటప్పుడు ఏడుపులు. అన్నీ అయినాక నాలుగైదు మిగిలేవి. రీలు కడిగించడానికి నంద్యాలకు పంపేలోపల ఆ నాలుగైదు మావి. రష్యా జెనిత్ కెమెరా, ఇటుకరాయంత బరువు. నూటముప్పై అయిదు ఎం.ఎం. లెన్సు ఒకటి సెకండ్‌హ్యాండుకు దొరికింది. ఆ లెన్సుతో పిట్ట ఫోటో రావాలంటే పిట్టయినా మంచిదై ఉండాల, మనమైనా పురుగు మాదిరి పాకాల. అట్లా మోచేతులు గీరుకుపోయి తీసినవి చాలావరకు ఆకాశం ఫోటోలే. అయినా నెగటివు పట్టీని వెలుతురుకు పెట్టి చూస్తే ఒక తమాషా. ఇక్కడ పెళ్ళికూతురు తల వంచుకుని ఉంటుంది, దాని పక్క గడిలోనే పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చుని ఉంటుంది.

పాణ్యం దగ్గర నిలబడితే ఎటు పోయినా ఒక కొత్త దేశం. ఇది గొప్ప కోసం చెప్పే మాట కాదు. ఊరి వెనక గుట్టలు గట్టి చెకుముకి జాతి రాయి. భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ఆ రాతిపొరకు మా ఊరి పేరే, పాణ్యం క్వార్ట్‌జైట్ అంటారు. దాని కింద నార్జి సున్నపురాయి, పైన కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు. మా ఊళ్ళ పేర్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు భూమిలో పడుకుని ఉన్నాయి. గుట్ట దిగి నంద్యాల వైపు పోతే కుందేరు నది, నల్లరేగడి, కేసీ కాలువ, వరిమళ్ళలో కొంగలు. అక్కడి నుంచి తూర్పుకు బస్సెక్కితే గిద్దలూరు దారిలో నల్లమల. ఆళ్ళగడ్డ దాటి అహోబిలం పోయినా నల్లమలే. అక్కడ బెట్టుడుత ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు దూకితే దాని తోక వెనక వస్తుంది. తోకపిగిలి పిట్ట తెల్లరిబ్బను మాదిరి తోక ఊపుకుంటూ వాగు మీద పోతుంది. పులి ఉందని అందరూ చెబుతారు, మాకు కనబడింది గోళ్ళతో గీరిన చెట్టే. ఉత్తరానికి పోతే మిడుతూరు దగ్గర రోళ్ళపాడు. అక్కడ చెట్టు లేదు, గుట్ట లేదు, గడ్డి. చూసేదానికి ఏమీ లేదనిపించే చోటు. మేం ఎక్కువ సార్లు పోయింది అక్కడికే.

ముందు పేర్ల సంగతి చెప్పాల. కూకుడుగువ్వ అని తల మీద విసనకర్ర లాంటి కుచ్చు ఉండే పిట్ట ఒకటి మా దొడ్లలో పురుగులు ఏరుకుంటా తిరిగేది. మసీదులో హజ్రత్ ఒకసారి బయాన్‌లో హుద్‌హుద్ కథ చెప్పినాడు. ఖురానులో నమ్ల్ సూరాలో ఉంది. సులేమాన్ ప్రవక్తకు పిట్టల భాష తెలుసు. ఆయన పిట్టల దండును లెక్క చూసుకుంటే హుద్‌హుద్ కనబడదు. కోపం వస్తుంది. అంతలో అది వచ్చి సబా దేశం రాణి కబురు చెబుతుంది. ఇంటికొచ్చి జేజికి చెబితే, "ఏ పిట్టరా అది?" అన్నది. దొడ్లో చూపించినాం. జేజి చాలాసేపు మాట్లాడలేదు. ఎనభై ఏండ్లు దాన్ని కూకుడుగువ్వ అని పిలిచిన మనిషి ఆ రోజు నుంచి దాన్ని చూస్తే కొంగు తల మీదికి లాక్కునేది. రెండు పేర్లూ వదల్లేదు. ఇది చాలా ఏండ్ల కిందటి మాట. 2014 అక్టోబరులో విశాఖపట్నాన్ని తుఫాను ముంచినప్పుడు దాని పేరు హుద్‌హుద్ అని టీవీలో వచ్చింది. ఒమన్ దేశం పెట్టిన పేరు. ఆ నెల తెలుగువాళ్ళందరి నోళ్ళలో హుద్‌హుద్. కూలిన చెట్లు, లేచిపోయిన కప్పులు, చచ్చిపోయిన మనుషులు. మా జేజి అప్పటికి లేదు. ఉండి ఉంటే ఏమనేదో! అరబ్బీ మాట ఒకటి అంతమంది తెలుగువాళ్ళకు ఒకేసారి తెలియడానికి అది తుఫానై రావాల్సి వచ్చింది. పిట్టగా వచ్చినప్పుడు ఎవ్వరూ అడగలేదు.

పేర్ల తర్వాత బొమ్మల గొడవ. ప్రాణం ఉన్నదాని బొమ్మ చేయడం మీద హదీసుల్లో హెచ్చరిక ఉంది. బొమ్మలున్న ఇంట్లోకి ఫరిష్తాలు రారని మా పెద్దోళ్ళ నమ్మకం. అందుకే మా ఇళ్ళల్లో పెళ్ళి ఫోటోలు గోడకు ఉండవు, ట్రంకుపెట్టెలో బట్టల కింద ఉంటాయి. కెమెరా తీసేది బొమ్మా, నీడా అని ఆలిములు ఇంకా వాదించుకుంటున్నారు. మా స్టూడియో మీద కూడా ఒకసారి పంచాయితీ జరిగింది. ఆఖరికి పాస్‌పోర్టు ఫోటో లేకుండా హజ్ యాత్రకు ఎట్లా పోతారని ఒక పెద్దాయన అడిగితే అందరూ లేచి టీ తాగడానికి పోయినారు. పిట్టల ఫోటోల మీద మాత్రం అనుమానం పోలేదు. "పెళ్ళయితే కూడు పెడుతుంది, పిట్ట ఏం పెడుతుంది?" మేం ఉస్తాద్ మన్సూర్ పేరు చెప్పేవాళ్ళం. జహంగీరు పాదుషా కొలువులో చిత్రకారుడు. సైబీరియా కొంగను ఈక ఈకా పట్టి గీసిన మనిషి. ఆ పాదుషా తాను వేటాడిన జంతువుల లెక్క కూడా రాయించుకున్నాడు, అది వేరే సంగతి. పాదుషాలకు అన్నీ చెల్లుతాయి.

రోళ్ళపాడుకు మేం పోయింది బట్టమేక పిట్ట కోసం. మీటరు ఎత్తు, మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో అంత బరువున్నవి ప్రపంచం మొత్తంలో కొన్నే. ఏడాదికి ఒక గుడ్డు, అదీ నేల మీద. గడ్డిలో తల ఎత్తి నడుస్తాంటే దూరానికి మేకో పిట్టో తెలియదు. 1980ల్లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఇక్కడ గుడిసె వేసుకుని ఏండ్ల తరబడి దాన్ని చూసినారు. ఆ పని నడిపినవాళ్ళలో అసద్ రహ్మానీ ఒకరు. తర్వాత ఆయన ఆ సొసైటీకే డైరెక్టరు అయినాడు. 1988లో 614 హెక్టార్లు అభయారణ్యం చేసినారు. అక్కడి పల్లెల్లో ఆ రోజుల్లో "బట్టమేక సార్లు" అంటే అందరికీ తెలుసు.

1993 వర్షాకాలంలో మాకు కనబడింది. అంతకు ముందు, 1992 డిసెంబరు తర్వాత కొన్ని నెలలు మేం గుట్టలకు పోలేదు. ఎందుకు పోలేదో రాయాల్సిన పని లేదు, ఆ నెలల్లో ఎవ్వరూ ఎటూ పోలేదు. ఆ వానల్లో మళ్ళీ బయలుదేరినాం. రీల్లో మిగిలినవి మూడే. గడ్డి మోకాళ్ళకు వచ్చింది. మగ బట్టమేక గొంతు సంచి ఉబ్బించి, తోక విప్పి, లోతుగా మూలిగినట్టు పిలుస్తా ఉంది. ఆ పిలుపు చాలా దూరం వినబడుతుంది, కానీ ఎక్కడి నుంచో చెప్పలేం. రెండు గంటలు బోర్లా పడుకున్నాం. మూడు ఫోటోలూ తీసినాం. కార్డు సైజు ప్రింటులో చూస్తే గడ్డి, గడ్డి మీద ఆవగింజంత తెలుపు. మా చెల్లెలు చూసి "మేక కదా ఇది?" అన్నది. ఆ పిట్టకు పేరు పెట్టినవాళ్ళు కూడా అట్లాంటి ఫోటోనే చూసినట్టున్నారు.

ఎవరికి చూపించినా ఒకే మాట. "మీ సాలిం అలీ ఉన్నాడు కదా!" మీ సాలిం అలీ, మీ అజారుద్దీను, మీ అబ్దుల్ కలాం. మంచివాళ్ళను మాకు పంచి ఇచ్చేటప్పుడు చాలా ఉదారంగా ఉంటారు. సాలిం అలీ బొంబాయి బోరా కుటుంబం మనిషి, మతం మీద పెద్దగా పట్టింపు లేనివాడు. పిట్టలకు తప్ప ఎవ్వరికీ మీవాడు కాదు. అయినా ఆయన మా నేలకు ఒక రకంగా సొంతమే. 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేస్తా నల్లమల అవతలి అంచున ఫరహాబాద్ దాకా వచ్చినాడు. జాతీయ పక్షిగా బట్టమేకను పెట్టమని అడిగినాడు. 1963లో నెమలిని పెట్టినారు. బట్టమేక ఇంగ్లీషు పేరులో ఒక అక్షరం తప్పితే బూతు అవుతుందని భయపడినారని చెప్పుకుంటారు. పేరు బాగలేదని ఒక ప్రాణిని వద్దనుకున్న కథ అది. మాకు కొత్తగా అనిపించలేదు.

మాకు సాలిం అలీ కంటే ఎక్కువ గుర్తొచ్చే మనిషి ఐతన్న. కడప జిల్లా లంకమల అడవుల పక్క ఊళ్ళో పిట్టలు పట్టి బతికినవాడు. కలివికోడి అనే రాత్రిపూట తిరిగే పిట్టను 1848లో జెర్డన్ అనే దొర లోకానికి చెప్పినాడు. 1900 తర్వాత ఎవ్వరికీ కనబడలేదు, అంతరించిపోయిందని రాసేసినారు. 1986లో ఐతన్న ఒక రాత్రి టార్చిలైటు వేసి దాన్ని చేత్తో పట్టి తెచ్చి ఇచ్చినాడు. దాని కోసమని అడవిని అభయారణ్యం చేసినారు. దాని కోసం తెలుగుగంగ కాలువ దారి మళ్ళించినారు. ఇంగ్లీషులో అది ఇప్పటికీ జెర్డన్ పిట్టే. 'అంతరించింది' అని రాసిన కాలమంతా కలివి పొదల కింద అది తిరుగుతానే ఉంది. ఆ పక్క వేటగాళ్ళను ఎవ్వరూ అడగకపోతే అది లేనట్టే.

ఇంకో మాట. చలికాలంలో రోళ్ళపాడు గడ్డిలోకి పిల్లిగద్దలు వందల్లో దిగేవి. మధ్య ఆసియా గడ్డిభూముల నుంచి వస్తాయి. పొద్దు కుంకేటప్పుడు గడ్డి మీద చక్కర్లు కొట్టి ఒక్కొక్కటే నేల మీద వాలి నిద్రపోతాయి. వాటిని పేపర్లలో 'విదేశీ అతిథులు' అని రాస్తారు. మా మీద ప్రేమ ఉన్న కవిమిత్రుడు ఒకాయన ఇది విని వెంటనే అన్నాడు. "చూడు, వలస పిట్టను అతిథి అంటారు, మిమ్మల్ని మాత్రం పరాయి అంటారు. దీని మీద కవిత రాయండి." మేం రాయలేదు. మంచి మాటే, కానీ లెక్క తప్పు. మేం వలస పిట్టలం కాదు. మా ముత్తాతలు ఈ రేగడిలో పండిన పత్తినే విల్లుతో ఏకి పరుపులు కుట్టినారు. వాళ్ళు ఎక్కడి నుంచో వస్తే కదా అతిథులు అయ్యేది! పోలిక ఎంత ప్రేమగా ఇచ్చినా అది మమ్మల్ని మళ్ళీ కజకిస్తాన్‌కు పంపుతుంది. పైగా పిల్లిగద్దకు కూడా ఇది న్యాయం కాదు. దాన్ని దాని మానాన గద్దగా ఉండనియ్యాల.

గడ్డిలో జింకలు పెరిగినాయి. 1988 తర్వాత కాపలా ఉండేసరికి కృష్ణజింకలు మందలు మందలు అయినాయి. శనగ, జొన్న మేసేస్తాంటే రైతులు మొత్తుకున్నారు. మొత్తుకున్నవాళ్ళలో మా చుట్టాలూ ఉన్నారు. వాళ్ళ ముందర జింక అందం గురించి మాట్లాడితే కొడతారు, కొట్టాల కూడా. దానికి తోడు 1998లో రాజస్థాన్‌లో సల్మాన్ ఖాన్ కృష్ణజింక కేసు వచ్చింది. 2018లో శిక్ష పడింది. ఆ ఇరవై ఏండ్లూ మేం గడ్డిలో కెమెరా ఎత్తితే చాలు, "ఏం సల్మాన్ భాయ్, ఎన్ని పడినాయి?" నవ్వేవాళ్ళం. నవ్వకపోతే ఇంకో రకంగా అర్థం అవుతుంది కదా.

బట్టమేక మెల్లిగా పోయింది. పక్కన అలగనూరు రిజర్వాయరు వచ్చింది. మెట్టచేలు మాగాణి అయినాయి. కొర్ర, జొన్న పోయి నీళ్ళ పంటలు వచ్చినాయి. నీళ్ళు వచ్చినందుకు రైతును ఎవ్వరూ తప్పు పట్టలేరు, మా సీమలో అయితే అసలు పట్టలేరు. కానీ బట్టమేకకు కావలసింది అభయారణ్యం కంచె లోపలి గడ్డి ఒక్కటే కాదు, కంచె బయట మెట్టచేనులో మిడతలు కూడా. ఇప్పుడు దేశం మొత్తంలో నూటయాభై లోపే మిగిలినాయి, ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలో. దానికి ఎదురుగా ఉండేది సరిగ్గా కనబడదు, కళ్ళు పక్కలకు ఉంటాయి. కరెంటు తీగలకు తగిలి చస్తాంది. 2021లో సుప్రీంకోర్టు తీగలు భూమి కింద వేయమన్నది, 2024లో ఆ తీర్పును సడలించింది. ఎండ కరెంటు దేశానికి కావాల కదా అని.

ఎండ కరెంటు మా పాణ్యానికీ వచ్చింది. గని, శకునాల పొలిమేరల్లో 2017లో వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు. 5,932 ఎకరాలు. రోళ్ళపాడు అభయారణ్యానికి నాలుగింతలు. శకునం అంటే సంస్కృతంలో పిట్ట అని కూడా అర్థం, ఊరి పేరు పెట్టినవాళ్ళకు తెలిసే ఉంటుంది. పిన్నాపురం దగ్గర నీళ్ళను కొండెక్కించి దింపే ఇంకో పెద్ద పథకానికి 2022లో శంకుస్థాపన చేసినారు. బొగ్గు కంటే ఇది నయమని మాకూ తెలుసు. మాకు మింగుడు పడనిది ఒక మాట. అట్లాంటి నేలను కాగితాల్లో ఎప్పుడూ 'బంజరు' అనే రాస్తారు. 2000లో దేశమంతటి బంజరు భూములకు పటాలు వేసి పుస్తకం తెచ్చినారు. హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఉపగ్రహం ఫోటోలతో చేసిన పని అది. గడ్డి, ముళ్ళపొద ఉన్న నేల చాలావరకు అందులో బంజరే. పైనుంచి తీసిన ఫోటోలో ఎర్రచితవ కనబడదు. భరతపక్షి పాట వినబడదు. గొర్రెలు తోలుకుపోయే మనిషి కూడా చుక్కంత ఉండడు. మేం నేల మీద బోర్లా పడుకుని తీసినాం కాబట్టి మాకు అవి కనబడినాయి. అంతకు మించి మా గొప్పేం లేదు.

2019 డిసెంబరులో పౌరసత్వ చట్టం వచ్చినాక మా ఇళ్ళల్లో ట్రంకుపెట్టెలు అన్నీ కిందికి దిగినాయి. తాత పుట్టిన తేదీ ఎవరికి తెలుసు? పీర్ల పండగకు ముందా, వెనకా అనే తెలుసు. కరణం రాసిన చీటీ, అప్పు పత్రం, బడి సర్టిఫికెట్టు, ఏది దొరికితే అది తీసి పెట్టినాం. ఆ వెతుకులాటలో స్టూడియో కాలం నెగటివులు బయటపడినాయి. స్టూడియో మూతపడి అప్పటికే పదేండ్లు. సెల్‌ఫోను వచ్చినాక పెళ్ళి ఫోటో తీయనివాడు లేడు. పట్టీలు కిటికీకి పెట్టి చూస్తా కూర్చున్నాం. నికాలో పెద్దలు, వాళ్ళ పక్కన తీతువు. ఖాజీ సంతకం, పక్కన పాలపిట్ట. గవాహుల్లో సగం మంది ఇప్పుడు లేరు. ఒక పట్టీ చివర గడ్డి, గడ్డి మీద ఆవగింజ. ఇక్కడ ఉండేవాళ్ళమని మా దగ్గర ఉన్న కాగితాల్లో అన్నిటికంటే స్పష్టంగా ఉన్నవి ఆ నెగటివులే. ఏ ఆఫీసులోనూ తీసుకోరు. మాలో పెద్దవాడు వాటిని సర్టిఫికెట్ల సంచిలోనే పెట్టినాడు. వద్దని ఎవ్వరూ అనలేదు.

పోయిన ఎండాకాలం సోలారు పార్కు గేటు దాకా పోయినాం. వాచ్‌మన్ ఆధార్ కార్డులు చూసినాడు. రిజిస్టరులో పేర్లు రాయమన్నాడు, రాసినాం. 'పని' అనే గడిలో ఏం రాయాలో కాసేపు తెలియలేదు. "పిట్టలు చూడను" అని రాసినాం. అతను వేలు పెట్టి చదివినాడు. పేర్లు ఇంకోసారి చదివినాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, లోపల మూడో వరుస ప్యానెళ్ళ కింద కంకరలో తీతువు నాలుగు గుడ్లు పెట్టిందని చెప్పినాడు. ప్యానెళ్ళు కడిగిన నీళ్ళు అటు పోకుండా మట్టి అడ్డం వేసినాడంట. తీతువు అరిస్తే ఇంట్లో పీనుగ లేస్తుందని వాళ్ళమ్మ అంటుందంట, అయినా రాత్రి డ్యూటీలో తోడు అదొక్కటేనంట.

లోపలికి కెమెరా తీసుకుపోనియ్యరు. రూలు. మేం గేటు బయట వేపచెట్టు కింద నిలబడి దాని అరుపు విన్నాం. పన్నెండున్నరకు నంద్యాల బస్సు వచ్చింది.